మేడంగారి వాటా

మా వదిన మేనేజరైన రోజు నుంచి మా ఇంట్లో తువ్వాళ్ళకు కూడా మనశ్శాంతి లేకుండా పోయింది.

ఆడపడుచును కాబట్టి అలా అంటున్నానని అనుకోకండి. ఆడపడుచును కాబట్టి కొంచెం తగ్గించే చెబుతున్నాను. అన్నయ్య స్నానం చేసి వచ్చి తువ్వాలు దండెం మీద వేస్తే, వెనకాలే వదిన వచ్చి దాన్ని తీసి, దులిపి, అంచుకు అంచు కలిపి మళ్ళీ వేసేది. నేను పొద్దున బీరువాలో పెట్టుకున్న బట్టలు సాయంత్రానికి వేరే ఆకారంలో కనిపించేవి. అడిగితే, "ఊరికే చెయ్యి పడింది" అనేది. ఆ చెయ్యి ఎక్కడ పడకుండా ఉంటుందో చెబితే అక్కడికి వెళ్ళి దాక్కుందామనిపించేది నాకు.

మేమిద్దరం పనిచేసేది ఒకే లాండ్రీలో. వీధి చివర ఇస్త్రీ కొట్టు లాంటిది కాదు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు వ్యానుల్లో వచ్చి వ్యానుల్లో పోయే పెద్ద లాండ్రీ. పొడవాటి హాలుకు ఒక చివర ఉతికే యంత్రాలు, అక్కడ నేను. మధ్యలో ఆరబెట్టే డ్రమ్ములు, ఇస్త్రీ రోలరు. రెండో చివర కిటికీ కింద మడతల బల్ల. మురికంతా నా చివర దిగుతుంది, మర్యాదంతా వాళ్ళ చివర ఎక్కుతుంది.

ఆసుపత్రి దుప్పటి మడవడం ఆషామాషీ వ్యవహారం కాదు. నర్సు ఒక చేత్తో రోగిని పట్టుకుని, రెండో చేత్తో దుప్పటి మూల పట్టుకుని విదిలిస్తే అది మంచం పొడవునా పరుచుకోవాలి. మూల లోపలి మడతలో దాక్కుంటే రెండో చెయ్యి కావాలి, అంటే రోగిని వదలాలి. అందుకని మా దగ్గర మడతకు పరీక్ష ఒకటే. మూల పట్టుకుని విదిలించడం. తెరుచుకుంటే మంచిది, లేకపోతే మళ్ళీ మడవడం.

ఆ బల్ల దగ్గర వదినను మించిన చెయ్యి లేదు. ఈ మాట నేనే ఒప్పుకుంటున్నానంటే ఇక నమ్మొచ్చు. అందుకే పాత మేనేజరు రిటైరయ్యాక యజమానురాలు ఆవిడను పైకి పిలిపించింది. యజమానురాలిని మేమంతా పెద్దావిడ అంటాం. మెట్లెక్కలేక ఆయాసపడుతుంది, అయినా ఆఫీసు పైనే ఉండాలంటుంది, అక్కణ్ణుంచి అద్దాల కిటికీలోంచి హాలంతా కనిపిస్తుందని.

"పని నీకు వచ్చు. ఇక వాళ్ళకి వచ్చేలా చూడ్డం నీ పని" అందట పెద్దావిడ. వదినే ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పింది. చెప్పడమైతే రెండు మాటలూ చెప్పింది గాని, చెవికెక్కింది మొదటిదేనని నాకు కొద్దిరోజుల్లోనే తెలిసింది.

మేనేజరంటే ఏం చెయ్యాలో వదినకు తెలియదు. తెలిసింది మడవడం. అందుకని అందరూ మడిచినవి మళ్ళీ మడవడం మొదలుపెట్టింది. బల్ల దగ్గర ముగ్గురుండేవారు. ఒకావిడ పిన్ని. ఎవరికి పిన్నో తెలియదు, అందరికీ పిన్నే. వదిన చేరినప్పుడు మడత నేర్పింది ఆవిడే, నోరు మాత్రం కత్తెర. రెండో ఆయన ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తుంటాడు కాబట్టి ఆయన్ను పాటలాయన అంటాం. మూడో ఆయన కొత్తాయన.

కొత్తాయన గుమ్మంలోకి రావాలంటే తల వంచాల్సినంత పొడుగు. అంత పొడుగు మనిషికి గొంతు మాత్రం పక్కవాడికి కూడా వినపడదు. సినిమా హాల్లో బొమ్మ ఆడించేవాడు. హాలు మూతపడ్డాక ఆ వయసులో ఆయన్ను రమ్మన్నవాళ్ళు లేరు. తిరిగి తిరిగి చెప్పులరిగాక మా దగ్గర కొన్నాళ్ళు చూసి తీసుకుంటామన్నారు. మా లాండ్రీలో పర్మనెంటైన వాళ్ళకు బూడిదరంగు కోటు ఇస్తారు. తలుపు పక్కన కొక్కేలకు అవి వేలాడుతుంటాయి. చివరి కొక్కెం ఖాళీ. కొత్తాయన పొద్దున్నే వచ్చి తన సంచీని ఆ కొక్కేనికి తగిలించి, ఒకసారి దాన్ని చూసి, పనిలోకి వెళ్ళేవాడు.

వదిన మళ్ళీ మడవడం మొదలెట్టగానే బల్ల దగ్గర మొహాలు ముడుచుకున్నాయి. ఎవరికైనా అంతే కదా. నువ్వు వండిన కూరలో పక్కావిడ వచ్చి ఉప్పు వేస్తే ఎలా ఉంటుంది? అందులోనూ పిన్నికి తల కొట్టేసినట్టయింది.

"నేను నేర్పిన మడత నాకే నేర్పుతోంది. అమ్మాయ్ అని పిలిచేదాన్ని, ఇక నుంచి మేడంగారే" అంది.

పట్టుదలకు పోయి ముగ్గురూ ఒకరోజు ఒక్క తప్పు లేకుండా మడిచారు. సాయంత్రం వదిన వచ్చి దుప్పటి తరవాత దుప్పటి విదిలించింది. అన్నీ తెరుచుకున్నాయి. మరి మెచ్చుకోవాలా? మొహం మాడ్చుకుంది. బల్ల చుట్టూ ఊరికే తిరిగింది. ఊడ్చే ఆవిడ చీపురు అడ్డంగా పెట్టిందని విరుచుకుపడింది. తలనొప్పంది. చివరికి తను విదిలించిన దుప్పట్లన్నీ తనే మడుచుకుంటూ కూర్చుంటే గాని ఆవిడ తలనొప్పి దిగలేదు.

"పాపం, పని లేకపోతే మనిషి వాడిపోతోంది. రోజూ కాసిని తప్పుగా మడిచి పెడదాం, సరదా తీరుతుంది" అంది పిన్ని మర్నాడు అన్నం డబ్బాలు తెరుస్తూ. అన్నది వెటకారంగానే. కానీ ఆవిడ వెటకారంలో ఎప్పుడూ కొంచెం ముద్దు కలిసి ఉంటుంది. పాటలాయన పగలబడి నవ్వాడు. దానికి అప్పుడే పేరు కూడా పెట్టేశారు, మేడంగారి వాటా అని.

ఆ వాటా ఎవరి దొంతరలో పెట్టాలన్నది తరవాతి ప్రశ్న. పిన్ని దొంతరలో పెడితే పరువు తక్కువ. పాటలాయన దొంతరలో పెడితే, "ఇన్నేళ్ళొచ్చాయి" అని తిట్లు. కొత్తవాణ్ణి ఎవరేమంటారు? కొత్తాయన కాదనలేదు. కాదనడం ఆయనకు చేతకాదు. "పర్వాలేదండీ, నాదేం పోయింది" అన్నాడు. అప్పటినుంచి రోజూ కొన్ని దుప్పట్లకు మూలలు లోపలికి తోసి ఆయన దొంతరలో కలిపేవారు. వదిన వాటిని పట్టుకుని, నాలుక చప్పరించి, హాయిగా మళ్ళీ మడుచుకునేది. తలనొప్పి పోయింది. పాటలాయన రాగం పెరిగింది. అందరూ సుఖంగా ఉన్నారు.

నాకు ఈ సంగతి తెలిసేసరికి అది అలవాటైపోయింది. "మీ వదినకి చెప్పావంటే నీతో మాట్లాడను" అని పిన్ని ఒట్టేయించుకుంది. నేను కూడా నవ్వుకుని ఊరుకున్నాను.

ఆ నవ్వు ఒక శుక్రవారం సాయంత్రం భోజనాల దగ్గర ఆగిపోయింది.

"రేపు పెద్దావిడ అడుగుతుంది, కొత్తాయన్ని ఉంచుదామా వద్దా అని" అంది వదిన, ముద్ద కలుపుతూనే ఉంది గాని తినడం లేదు. "వద్దనే చెప్పాలి. మనిషి మంచివాడే. మడతే చేతికి రావట్లేదు. రోజూ అవే తప్పులు. పక్కన నిలబడి మడిచి చూపించాను, మర్నాడు మళ్ళీ అదే. ఆసుపత్రి దుప్పటితో ఆటలా? నేనేం చెయ్యను చెప్పు?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి నాకు గుండెల్లో రాయి పడింది. ఆవిడ ఏడుస్తోందని కాదు, ఏడుస్తూనే ఆ పని చేసేస్తుందని.

అన్నయ్య డ్రైవింగ్ నేర్పుతాడు. నేర్చుకునేవాళ్ళ పక్కసీట్లో కూర్చుంటే ఆయన కాలికింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇంట్లో ఏ సమస్య వచ్చినా ఆయనకు ఆ బ్రేకే గుర్తొస్తుంది.

"నువ్వు ఎక్కువ తొక్కేస్తున్నావేమో" అన్నాడు. "నా కాలు బ్రేకు మీదే ఉంటుంది, తొక్కను. ప్రతిసారీ నేనే తొక్కాననుకో, బండిలో బ్రేకు ఎక్కడుందో వాడికి జన్మలో తెలీదు. పైగా తొక్కేవాడు పక్కనున్నాడు కదా అని ధీమాగా పోతాడు."

"మీ బండికి బ్రేకుంది. దుప్పటికి ఏముంది?" అంది వదిన.

"దుప్పటికి నువ్వున్నావు. అదే చెప్తున్నా."

"మీరు ముందు ఆ తువ్వాలు సరిగ్గా ఆరెయ్యడం నేర్చుకోండి" అని వదిన లేచిపోయింది. ఎదుటివాళ్ళకు సలహా చెప్పడం మేనేజర్లకు ఎంత తేలికో, మొగుడి సలహా వినడమంత కష్టం.

శనివారం పొద్దున నేను గేటు దగ్గరే పిన్నిని పట్టుకున్నాను.

"పిన్నీ, మీ వాటా ఆయన పీక మీదకొచ్చింది. ఇవాళ వదిన వద్దని చెప్పబోతోంది."

పిన్ని మొహంలో నెత్తురు చుక్క లేదు. "అయ్యయ్యో, సరదాకి కదే చేసింది!"

"సరదా సరదాగానే ఉంది. ఉద్యోగం పోయేది ఆయనకి. వెళ్ళి చెప్పెయ్యండి."

"ఏమని చెప్పను? నీ మొహం చూళ్ళేక తప్పుగా మడిచామనా? ఆవిడ ఏమైపోతుంది?" పిన్ని కాసేపు ఆలోచించింది. "ఉండు. ఇవాళ ఆయన దొంతరలో ఒక్క తప్పు ఉండదు. అది చూసి మనసు మార్చుకుంటుంది."

తెలివైన ఉపాయమే, వదిన సంగతి తెలియనివాళ్ళకు. మధ్యాహ్నం ఆవిడ కొత్తాయన దొంతర దగ్గరకు వచ్చి పైదుప్పటి మూల పట్టి విదిలించింది. తెరుచుకుంది. రెండోది తెరుచుకుంది. మూడోది కూడా. వదిన కనుబొమలు దగ్గరకొచ్చాయి. పాటలాయన పాట ఆపేశాడట. యంత్రాల హోరులో అక్కడి మాటలు నా చివరికి వినపడలేదు, తరవాత ఆయనే చెప్పాడు.

"ఇవి మీరు మడిచినవేనా?"

"అవునండీ" అన్నాడు కొత్తాయన.

"నిన్నటిదాకా మూల దొరకని మనిషికి ఇవాళ ఉన్నట్టుండి చెయ్యి తిరిగిందా?" అని, పిన్ని వైపు తిరిగింది. "పిన్నీ, జాలిపడి నువ్వే మడిచిపెట్టావు కదూ? ఇది సాయం కాదు. రేపు నువ్వు లేనప్పుడు ఏ నర్సు చెయ్యో ఖాళీ లేకపోతే ఏం చేస్తారు?"

పిన్ని నోరు తెరిచింది, మూసింది. అంత నోరున్న మనిషి అలా నిలబడిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. పైన అద్దంలో పెద్దావిడ లేవడం కనిపించింది. కిందికి వస్తోందన్నమాట. ఇక ఒట్టూ లేదు, గట్టూ లేదు. నేను తడిచేతులతోనే హాలు ఆ చివరనుంచి ఈ చివరికి పరుగెత్తాను. డ్రమ్ముల హోరులో వినపడదని గొంతు చించుకుని అరిచాను. సరిగ్గా అప్పుడే ఆ దిక్కుమాలిన డ్రమ్ములు ఆగాయి.

"వాళ్ళు నీకోసమే తప్పుగా మడిచారు వదినా!"

హాలంతా మోగింది. ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నాకోసమా?" అంది వదిన.

దాచడానికి ఇక ఏమీ లేదు కాబట్టి పిన్నికి నోరొచ్చింది. "మరేం చెయ్యమంటావు? మేం బాగా మడిచిన రోజు నీ మొహం చూడలేకపోయాం. ఏదో పోగొట్టుకున్నదానిలా తిరిగావు. అందుకని రోజూ కాసిని పాడుచేసి నీకు పెట్టాం. కొత్తవాణ్ణి ఏమీ అనవు కదా అని ఆయన దాంట్లో పెట్టాం. ఆయన మడత మొదటి వారమే కుదిరింది. నువ్వు చూసిందే లేదు, అన్నీ నువ్వే మడిచేస్తుంటే ఇంకేం చూస్తావు?"

వదిన ఎర్రబడింది, తరవాత తెల్లబడింది. నేను ఇద్దరు ముగ్గురు మేనేజర్లను చూశాను. ఇలాంటప్పుడు వాళ్ళు ఎదుటివాళ్ళ మీద కేకలేస్తారు. వదిన కొత్తాయన వైపు తిరిగింది.

"మిమ్మల్ని వద్దని ఇవాళ చెప్పబోయాను. మీకు తెలుసా?"

ఆయనకు తెలియదు. తలుపు పక్కనున్న ఆ చివరి కొక్కెం వైపు ఒకసారి చూసి, మళ్ళీ తల వంచుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండేది.

"ఒకటి మడవండి. నా ముందు" అంది వదిన.

కొత్తాయన దుప్పటి తీసుకున్నాడు. ఆ బల్ల ఆయన నడుముకు ఎంత కిందో నేను అప్పుడే గమనించాను. సగానికి వంగి తొందరతొందరగా మడుస్తున్నాడు. రెండో మడతకు మూల జారి లోపలికి పోయింది. వదిన చెయ్యి ముందుకు లేచింది. లేచిన చేతిని ఆవిడ ఇంకో చేత్తో పట్టుకుని, రెండింటినీ కోటు జేబుల్లో దోపుకుంది. సంచిలో పడ్డ పిల్లి కూనల్లా ఆ జేబులు కదులుతూనే ఉన్నాయి. నుదుటి మీద చెమట పట్టింది. మడిచే మనిషికంటే చూసే మనిషే ఎక్కువ కష్టపడుతోంది.

కొత్తాయన ఆగాడు. దుప్పటి వంక చూశాడు. తనంతట తనే ఆ మడత విప్పి, మూల బయటికి తీసి, అంచు సరిచేసి మళ్ళీ మడిచాడు. ఈసారి తొందరపడలేదు.

"విదిలించండి" అంది వదిన.

ఆయన చేతులు పొడుగు కదా, ఆ విదిలింపుకు దుప్పటి బల్ల దాటి, ఎగిరి వెళ్ళి, అప్పుడే మెట్లు దిగి ఆయాసపడుతూ వచ్చిన పెద్దావిడ కాళ్ళ దగ్గర వాలింది.

"ఏమిటీ గోల?" అంది పెద్దావిడ.

"ఈయన్ని ఉంచండి" అంది వదిన. "మడత బాగుంది. నా పద్ధతే బాగాలేదు. ఈయన చెయ్యని తప్పుకి ఈయన్ని పంపించేదాన్ని."

"ఆ రోజు నేను నీతో రెండు మాటలు చెప్పాను."

"ఒకటే విన్నానండి."

"రెండోది ఇప్పుడైనా విన్నావు, సంతోషం. నేను మెట్లు దిగిన శ్రమ దండగ కాలేదు" అని పెద్దావిడ దుప్పటిని దాటుకుని వెళ్ళి కుర్చీలో కూలబడింది.

వదిన చేతులు ఇంకా జేబుల్లోనే ఉన్నాయి. ఖాళీ చేతులతో ఏం చెయ్యాలో తెలియలేదు. తరవాత ఇన్నాళ్ళలో మొదటిసారి ఒక మాట అడిగింది.

"మీకేమైనా కావాలా?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలవాటు లేని ప్రశ్న. ముందుగా పిన్నే అందుకుంది. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ కళ్ళలో పడుతోందంది. రోలరు ఒక పక్క ఎక్కువ కాలుతోందని, అంచులు పసుపెక్కుతున్నాయని ఎప్పటినుంచో చెప్పాలనుకుంటున్నానంది. "చెప్పొచ్చు కదా" అంటే, "నువ్వెప్పుడు ఖాళీగా ఉన్నావు, దుప్పట్లలో మునిగి ఉంటే" అంది. పాటలాయన తనకేమీ వద్దన్నాడు, పాడుకుంటుంటే గుర్రుగా చూడకపోతే చాలన్నాడు. కొత్తాయన చాలాసేపు నసిగాడు.

"బల్ల కొంచెం... కిందికుందండీ. సాయంత్రానికి నడుము పట్టేస్తోంది."

ఆ బల్ల నిజానికి రెండు బల్లలు కలిపినది. వదిన వ్యాను దగ్గరకు వెళ్ళి చెక్క దిమ్మలు మోసుకొచ్చి, ఆయన వైపు బల్ల కాళ్ళకింద పెట్టించింది. ఇంత చిన్న పనికి ఇన్నాళ్ళు పట్టిందని అందరికీ సిగ్గేసింది, నాతో సహా.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి దండెం మీద అన్నయ్య తువ్వాలు ఎప్పటిలాగే వంకరగా వేలాడుతోంది. వదిన దాన్ని చూసింది, అన్నయ్యను చూసింది.

"మీరు కూడా నాకోసమేనా? ఇన్నేళ్ళూ?"

అన్నయ్య బిక్కమొహం వేశాడు. "లేదే. నాకు నిజంగానే రాదు."

నేను ముందు నవ్వాను. తరవాత వదిన నవ్వింది. మధ్యాహ్నం నుంచి బిగబట్టుకున్నదేమో, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. "పంపించేసేదాన్నే, మనిషిని పంపించేసేదాన్నే" అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అన్నయ్య లేచి వెళ్ళి, అడక్కుండానే తువ్వాలు తీసి మళ్ళీ ఆరేశాడు. ఇంకా వంకరగానే వచ్చింది. వదిన దాని వైపు వీపు పెట్టి కూర్చుంది.

సోమవారం పొద్దున పనిలోకి దిగకముందే వదిన కొత్తాయన్ను పిలిచి బూడిదరంగు కోటు చేతిలో పెట్టింది. దాన్ని చూసి నాకు మతిపోయింది. కాలరు లోపలికి పోయింది. ఒక చెయ్యి బయటికి వేలాడుతోంది, రెండో చెయ్యి ఎక్కడుందో తెలియదు. మొత్తం ఒక మూటలా ఉంది. మా లాండ్రీలో అంతకంటే అధ్వాన్నమైన మడత నేను చూడలేదు. దాన్ని మడిచింది మా లాండ్రీలో అందరికంటే మంచి చెయ్యి.

కొత్తాయన అయోమయంగా చూశాడు. "ఇదేంటి మేడం?"

"మీ వాటా" అంది వదిన.

పిన్ని పకపకా నవ్వింది. కొత్తాయన నవ్వలేదు. కోటును ఎత్తు పెంచిన బల్ల మీద పరిచాడు. వంగాల్సిన అవసరం లేకుండా నిలబడి, లోపలికి పోయిన చెయ్యిని మెల్లగా బయటికి లాగాడు. కాలరు నిలబెట్టి, అరచేత్తో ముడతలు సాపు చేసి, అంచుకు అంచు కలిపి మడిచాడు. తొందరపడలేదు. తరవాత కాలరు పట్టుకుని ఒక్కసారి విదిలించి, తెరుచుకున్న కోటులో చేతులు దూర్చాడు. భుజం దగ్గర ఒక చిన్న ముడత మిగిలింది.

వదిన ఆ ముడతను చూసింది. ఆవిడ చేతులు జేబుల్లోనే ఉన్నాయి.